కాటుకపిట్ట తోక ఎందుకు నిలవదు?

నేనింతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఈ కథ నోటితో చెప్పినట్టే రాస్తున్నాను.

ఒకప్పుడు కాటుకపిట్ట తోక కదిలేదే కాదు. పుల్ల గుచ్చినట్టు ఊరికే ఉండేది. ఆ పిట్టకు సిగ్గెక్కువ. నలుగురిలో నోరు విప్పేది కాదు.

ఒక ఏడు తొలివానకు వాగు ఎర్రగా పొంగింది. కడుపు నిండా గుడ్లతో పరిగె చేపలు ఎగువ మడుగుకు బయలుదేరాయి. అక్కడి నిదానపు నీళ్లలోనే వాటి పిల్లలు బతుకుతాయి. కానీ బండ్లు దాటడానికని మనుషులు వాగుకు అడ్డంగా రాతి చప్టాలు కట్టేశారు.

"ఎవరన్నా ముందెళ్లి దారి చూసి రండర్రా! ఎక్కలేనిచోట చిక్కుకుంటే మా గుడ్లన్నీ వరదపాలే," అని పెద్ద పరిగె బతిమాలింది.

పాలపిట్ట సర్రున ఎగిరి సర్రున తిరిగొచ్చింది. "అంతటా నీళ్లే! దర్జాగా పోండి."

"పైనుంచి చూస్తే అంతటా నీళ్లేగా బావా..." అని ఎవరో సన్నగా అన్నారు.

చూస్తే కాటుకపిట్ట!

"ఓహో, నీకూ మాటలొచ్చాయే! అయితే నువ్వే వెళ్లు. ఈత కూడా రాదు నీకు!" అని వెక్కిరించింది పాలపిట్ట.

"ఈత రాదు, నడకొచ్చు. నేను వెళ్తాను," అంది కాటుకపిట్ట.

ఒడ్డు వెంట టకటకా నడిచింది. చప్టా వచ్చినచోటల్లా దిగువకు దిగి, తల వంచి, చేప కంటితో చూసింది. 'నేనే పరిగెనైతే ఎక్కగలనా?'

మొదటి చప్టా మీద నీళ్లు ఏటవాలుగా జారుతున్నాయి. "రావచ్చు పిన్నీ!" అని అరిచింది. వాగు హోరులో ఆ గొంతెక్కడ వినిపిస్తుంది? అందుకే కష్టపడి తోక కిందికి దించింది. పెద్ద పరిగెకు అర్థమైంది. చేపలు ఎక్కేశాయి.

మడుగు ముందరి చప్టా దగ్గర మాత్రం నీళ్లు మోకాలెత్తు నుంచి దబదబా పడుతున్నాయి. కాటుకపిట్ట తోక పైకెత్తింది. 'ఆగండి!' చేపలు ఆగాయి. వరద వెనక్కి లాగేస్తోంది.

అప్పుడే ఈరమ్మా, ఆమె మొగుడు లింగన్నా బండి తోలుకొచ్చారు. కాటుకపిట్ట చప్టా అంచున నిలబడి తోక పైకీ కిందికీ కొట్టింది. కొడుతూనే ఉంది.

"ఏమయ్యో, ఈ పిట్ట చూడు, బండొచ్చినా కదలట్లేదు!"

"పిట్టలతో నీకు ముచ్చట్లేంటే, పద."

ఈరమ్మ దిగి వంగి చూసింది. "అయ్యో, కడుపుతో ఉన్న చేపలయ్యా! మన చప్టానే వీటికి అడ్డం!"

"బుట్ట తేనా?" అని నవ్వాడు లింగన్న.

"తెస్తే నీ నెత్తినే బోర్లిస్తా. రాళ్లు తే!"

ఇద్దరూ రాళ్లు దొర్లించి మెట్లలా పేర్చారు. కాటుకపిట్ట ఒక్కో రాయి ఎక్కి చూసింది. తోక పైకెత్తితే ఇంకా ఎత్తుందని, దించితే సరిపోయిందని. చివరికి తోక దించింది. పరిగెలు ఎగిరి, ఎగిరి, మడుగులో పడ్డాయి!

"మా పిల్లలకు నీ పేరు చెప్పి పెంచుతాను తల్లీ," అంది పెద్ద పరిగె.

"తోక నొప్పెట్టలేదా?" అనడిగింది పాలపిట్ట. ఈసారి వెక్కిరించలేదు.

"పెట్టింది," అంది కాటుకపిట్ట, రొమ్ము విరుచుకుని.

మర్నాడు తెల్లారగానే, ఎవరూ పిలవకపోయినా, అది పక్క వాగుకు నడిచి వెళ్లింది. మొదటి చప్టా కిందికి దిగి తల వంచి చూసింది. అప్పటినుంచే నీళ్ల ఒడ్డున కాటుకపిట్ట తోక ఒక్క క్షణం నిలవదు. పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది.