చెంబెడు నీళ్ళ పాఠం

ఓబుళయ్యగారు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో భూగోళం చెప్పిన ముప్పై ఏళ్ళలో సుద్దముక్క మరిచిపోయి తరగతికి వచ్చిన రోజులున్నాయి గానీ, ఇత్తడి చెంబు మరిచిపోయిన రోజు ఒక్కటీ లేదు. కొత్తగా చేరినవాళ్ళు ఆయనకు దాహం ఎక్కువనుకునేవారు. పది రోజులు గడిస్తే తెలిసేది, ఆ నీళ్ళలో ఒక్క గుక్కయినా ఆయన గొంతు దిగదని, అంతా శిష్యులు చేసిన మట్టినేలల మీదికే పోతుందని. ఉద్యోగం వదిలినా ఆ చెంబు ఆయన్ను వదల్లేదు. శిష్యులూ వదల్లేదు.

ఆ శిష్యుల్లో లింగేశ్వరి ఒకతె. కర్నూలులో పుట్టి పెరిగిన పిల్ల. ఆరు నెలల కిందట గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న ఊరి బడికి టీచరుగా వచ్చింది; రోజూ బస్సులోనే రాకపోకలు. గురువుగారు ఉండేది ఆ పక్క ఊళ్ళోనే. ఒక శనివారం బడి వదలగానే ఆమె వాళ్ళింటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే అడిగింది.

“సార్, పిల్లల తప్పును ఎప్పుడు దిద్దాలి?”

ఆమె గోడు ఇదీ. ఐదో తరగతి పిల్లలు బడి ఆవరణలో మట్టితో తమ ఊరి నేలను చేస్తున్నారు. గుట్ట, దాని మీంచి దిగే వాననీటి వంక, ఆ వంక పోయి కలిసే ఏరు. ఆ పనికంతటికీ మేస్త్రి హంపమ్మ, గొర్రెలు కాసే సుంకన్న కూతురు. అంతకుముందు ఆ పిల్ల వారానికి రెండు రోజులు బడికి వస్తే గొప్ప. మట్టిపని మొదలయ్యాక ఒక్క పూట మానలేదు. అంతా బాగానే ఉంది గానీ, హంపమ్మ వంకను ఉత్తరానికి మళ్ళించింది. గోడ మీది రాష్ట్రపటంలో చూస్తే నదులన్నీ బుద్ధిగా తూర్పుకు, సముద్రం వైపుకు పోతున్నాయి. సోమవారం తల్లిదండ్రులు చూడడానికి వస్తున్నారు.

“తప్పని చెప్తే ఆ పిల్ల మళ్ళీ గొర్రెల వెంట పోతుంది. చెప్పకపోతే సోమవారం దాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది సార్ నాకు.”

ఓబుళయ్యగారు మజ్జిగ ఇచ్చారు గానీ జవాబివ్వలేదు. “సోమవారం నేనూ వస్తాలేమ్మా. చెంబు తెస్తా” అన్నారు.

సోమవారం దాకా ఆగడం లింగేశ్వరికి చేతనైన విద్య కాదు. తిరుగుదారిలో బడి దగ్గర బస్సు దిగి, హంపమ్మ తవ్విన వంకను మట్టితో పూడ్చేసింది. గుట్ట కింది నుంచి తూర్పుకు కొత్త వంక తీసి, పుస్తకంలో ఉన్నట్టు రెండు వంపులు తిప్పి, గట్లు తడిచేత్తో నున్నగా దిద్దింది. ఒక పిల్లను నగుబాటు నుంచి కాపాడానని ఆమెకు ఎంత సంతోషమో! ఆమెను మరీ తప్పుపట్టకూడదు. ఊరి వంకను ఆమె చూసింది బస్సు కిటికీలోంచే, కల్వర్టు దాటేటప్పుడు. ఆ ఆరు నెలల్లో దానిలో చుక్క నీరు లేదు. ఎండిన వంక ఏ దిక్కుకు పోతుందో బస్సులో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

సోమవారం పొద్దున హంపమ్మ వచ్చి ఆ మట్టినేల ముందు నిలబడింది. ఎవరు చేశారని అడగలేదు. వెనక్కి పోయి గోడవార ఒక్కతే కూర్చుంది. ఆ ముఖం లింగేశ్వరి చూసింది. ఇది రేపు బడికి రాదు అనుకుంది.

తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళ వెనకే ఓబుళయ్యగారు వచ్చి, కుళాయి దగ్గర చెంబు నింపుకుని, మట్టినేలను అటూ ఇటూ తిరిగి చూశారు. చెంబు హంపమ్మ ముందు పెట్టారు.

“గుట్ట మీద వాన కురిపించు తల్లీ.”

హంపమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. “మేడం చేసినారు సార్. మేడమే పోయాల.”

లింగేశ్వరి చెంబు అందుకుని పోసింది. నీళ్ళు గుట్ట దిగి కొత్త వంకలో జానెడు పోయాయి, రెండు జానలు పోయాయి, అక్కడ ఆగిపోయాయి. మడుగు కట్టాయి. అంతలో నున్నటి గట్టు పుటుక్కున తెగింది. నీళ్ళు ఎడమకు తిరిగి, పూడ్చిన పాత వంకనే వెతుక్కుంటూ ఉత్తరపు గోడ దాకా చకచకా పోయాయి. ఊరి నేల ఎటు వాలిందో బడి నేలా అటే వాలి ఉంది. గుట్టకు చోటు ఎంచిన రోజే హంపమ్మ ఆ వాలు చూసుకుంది.

సుంకన్న గట్టిగా నవ్వాడు. “నీరు పల్లమెరుగు అంటారు గదా మేడం! మా వంక యాపొద్దూ ఉత్తరానికే పోతాది.”

ఆ సామెతను కిందటి నెలే ఆమె పిల్లల చేత పదేసిసార్లు రాయించింది. ఊరంతా లింగేశ్వరిని చూసి నవ్వింది. నేల సమంగా లేదనో, నీళ్ళు ఎక్కువయ్యాయనో ఏదో ఒకటి అనవచ్చు. అందామని నోటిదాకా వచ్చింది కూడా. అనలేదు. చీర కుచ్చెళ్ళు బురదలో పడుతున్నా చూసుకోకుండా కింద కూర్చుంది.

“హంపమ్మా, నీ వంకను పూడ్చింది నేనే. తప్పు నాది. ఎట్లా తవ్వాలో చూపించు, వచ్చి.”

హంపమ్మ మెల్లగా లేచి వచ్చి, ఆమె వేళ్ళు పట్టుకుని పక్కకు జరిపింది. “అట్ల కాదు మేడం. ఈడ బండ ఉంటాది, దాన్ని చుట్టుకొని పోతాది. గొర్రెలు తోలుకొని నేను దాని ఎంబడే పోతా గదా.”

“ఏట్లో కలిశాక ఎటు పోతుంది?”

“అది నాకు తెల్దు మేడం. అంత దూరం పోల్యా.”

“అక్కణ్ణించి తూర్పుకు. అది నాకు తెలుసు” అంది లింగేశ్వరి. ఉత్తరపు గోడ వెంట నేల తూర్పుకు వాలి ఉంది; అటే ఆమె ఏరు తవ్వింది, చివర్న పిల్లలు సముద్రానికి గుంట తీశారు. రెండో చెంబు హంపమ్మే పోసింది. నీళ్ళు బండను చుట్టి, వంక దిగి, ఏట్లో కలిసి, తూర్పుకు తిరిగి గుంటలో పడ్డాయి. పిల్లలు వేసిన కేకలకు గోడ మీది కాకులు లేచిపోయాయి.

తల్లిదండ్రులు వెళ్ళాక లింగేశ్వరి గురువుగారిని బస్సు ఎక్కించడానికి బయల్దేరింది. ఆయన గేటు దాటుతుండగా హంపమ్మ, మోచేతుల దాకా మట్టితో, చెంబు గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

“సార్, ఇది ఈడే ఉండనీ సార్. రేపు పొద్దున్నే వచ్చి ఇంగో వంక చేస్తా.”

ఆయన తల ఊపారు. ఆ పిల్ల వెనక్కి తుర్రుమంది. రేపు అన్న ఒక్క మాటకు లింగేశ్వరి కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, రోడ్డు మీదికి వచ్చాక అంది.

“సార్, నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పనే లేదు. పిల్లల తప్పును ఎప్పుడు దిద్దాలి?”

ఓబుళయ్యగారు ఖాళీ చేతులు రెండూ ఆమెకు చూపించారు.

“చెంబు లేకుండా నేనెవర్నీ దిద్దనమ్మా.”