వెనక నుంచి పిలిచే ఊరు

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే కాస్త దూరంగా ఉండే రోజుల్లో, రైలుబండి ఇంకా బొగ్గు తిని పొగ వదిలే రోజుల్లో, ఒక ఉప్పుటేరు ఉండేది. ఏటికి ఆ గట్టున పట్నం, ఈ గట్టున ఉప్పుపాలెం. పట్నంలో కాలేజీ ఉంది, సర్కారు కచేరీ ఉంది, దీపాల వీధి ఉంది. ఉప్పుపాలెంలో ఏముంది? ఉప్పు మడులు, ఉప్పు రాశులు, తాటాకు పాకలు. అంతే.

ఆ కాలేజీలో ముఖలింగం అనే అబ్బాయి చదివేవాడు. కాలేజీ కుర్రాడు అనగానే దువ్విన క్రాపూ, కిర్రు చెప్పులూ ఊహించుకోకండి. అతనికి ఉన్నవి ఒక చాప, ఒక చెంబు, మార్చి మార్చి కట్టుకునే రెండు పంచెలు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే మేనమామ పెంచాడు. పెంచి పెంచి ఒకనాడు విసుగు పుట్టి, "ఇంక నీ దారి నువ్వు చూసుకోరా" అన్నాడు. ముఖలింగం మూట కట్టుకున్నాడు. గుమ్మం దిగి కాస్త ఆగాడు. ఎవరూ పిలవలేదు. వెళ్ళిపోయాడు.

పట్నంలో సత్రం అరుగు మీద పడుకుని, వారాలు చేసుకుని చదువుకునేవాడు. వారాలంటే ఈ కాలం పిల్లలకి తెలియదు, చెబుతాను వినండి. బీద పిల్లవాడు చదువుకోవాలంటే ఊళ్ళో దయగల వాళ్ళు వారానికొక రోజు అన్నం పెట్టేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ముఖలింగం వెళ్ళేవాడు, అరుగు మీద కూర్చుని తినేవాడు, తన విస్తరి తానే తీసుకునేవాడు. "వెళ్ళొస్తానమ్మా" అనేవాడు. లోపల ఎవరి పనిలో వాళ్ళు ఉండేవారు. గుమ్మం దిగి కాస్త ఆగేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. వెళ్ళిపోయేవాడు.

వాళ్ళని తప్పు పట్టకండి. ఆ రోజుల్లో ఇంకొకరి బిడ్డకి అన్నం పెట్టడం చిన్న సంగతి కాదు. కానీ మనిషికి అన్నం ఒక్కటే చాలుతుందా? చాలదు.

ఆదివారానికి మాత్రం ఏ ఇల్లూ కుదరలేదు. ఆకలితో సత్రంలో కూర్చోలేక ఒక ఆదివారం ఏటి ఒడ్డుకి వెళ్ళాడు. పోటు తగ్గి నీరు తీసి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఇవతలికి వచ్చాడు. వచ్చి చూస్తే పాకల్లో పెద్దవాళ్ళు లేరు. అందరూ మడుల్లో ఉప్పు గీకుతున్నారు. ఉన్నదంతా పిల్లలు. పిల్లల పాదాల నిండా ఉప్పు కొరికిన పుళ్ళు. వాళ్ళకి కాపలాగా అసిరమ్మ అనే ముసలమ్మ ఒక్కతే ఉంది. ఆమె కళ్ళకి పొరలు కమ్మాయి.

అసిరమ్మ మనవరాలు నూకాలు అతన్ని ఎగాదిగా చూసింది. "ఆకలేస్తందా?" అని అడిగింది. ఆ పిల్ల లోపలికి పోయి చిప్పలో గంజి తెచ్చింది. ఆకలా అని అడిగి ఒకరు పెట్టిన తిండి అతనికి అదే మొదలు.

ఆ గంజి రుణం అతను మరిచిపోలేదు. పై ఆదివారం కొబ్బరినూనె తెచ్చి పిల్లల పుళ్ళకి రాశాడు. ఆ పై ఆదివారం కథలు చెప్పాడు. ఆ పై ఆదివారం చేటలో ఉప్పు పరిచి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఇక ప్రతి ఆదివారం అంతే, నూనె రాయడం, కథ చెప్పడం, ఉప్పులో దిద్దించడం. పిల్లలు ఎవరూ నేర్పకుండానే "మేష్టారూ" అన్నారు. పొద్దు వాలేముందు అతను "వెళ్ళొస్తాను" అని లేచేవాడు.

అప్పుడొక వింత జరిగేది. పిల్లలందరూ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

ముఖలింగం గట్టు దిగి కాస్త ఆగేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. వెళ్ళిపోయేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు. "మామ్మా, ఈ పిల్లలు నోళ్ళెందుకు మూసుకుంటారు?"

"ఎనకనించి పిలవకూడదు బాబూ," అంది అసిరమ్మ. "మా మొగోలు ఏట్లోకీ సముద్రం మీదికీ ఎల్లేవోలు. ఎనకనించి పిలిస్తే మనసు ఎనక్కి తిరిగిపోద్ది. మనసు తిరిగినోడ్ని నీరు పట్టేసుద్ది. సెప్పాల్సింది ఉంటే పరిగెట్టుకెల్లి, సుట్టు తిరిగి, ఎదరకొచ్చి సెప్పాల."

వెనక నుంచి పిలవకూడదని అన్ని ఊళ్ళలోనూ అంటారు. అని, అవసరం వస్తే పిలిచేస్తారు. ఉప్పుపాలెం వాళ్ళు మాత్రం ప్రాణం పోయినా పిలిచేవారు కాదు.

"మీ ఊళ్ళో పిలవరు. నన్ను ఏ ఊళ్ళోనూ ఎవరూ పిలవలేదు మామ్మా," అని ముఖలింగం నవ్వాడు. "నేను వెళుతుంటే ఆగమని ఎవరైనా ఒక్కసారి అంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

"అలాటి మాటలనకు బాబూ," అంది అసిరమ్మ. నూకాలు ఆ మాట విని మనసులో దాచుకుంది.

అలా వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం నూకాలు ఉప్పులో మొదటిసారి తన పేరు తానే రాసుకుంది. రాసి, చెరిపి, మళ్ళీ రాసి చూపించింది. ఆ సంబరంలో అందరికీ పొద్దు తెలియలేదు. మర్నాడు ముఖలింగానికి పరీక్ష. "అయ్యో, వెళ్ళొస్తాను" అని లేచాడు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. గట్టు దిగి కాస్త ఆగాడు. ఎవరూ పిలవలేదు. వెళ్ళిపోయాడు.

గట్టు మీద నిలబడితే ఏరు చాలా దూరం కనిపిస్తుంది. కిందికి దిగితే తుప్పలు అడ్డం. పైన ఎక్కడో కొండల్లో వాన పడినట్టుంది. ఏటి మలుపులో ఎర్రటి నీరు నురగలు కక్కుతూ వస్తోంది. నూకాలు చూసింది.

"మామ్మా, నీరొస్తంది. ఎర్ర నీరు."

"ఇది పోటు ఏల కాదే గుంటా," అంది కళ్ళు కనిపించని అసిరమ్మ.

"వస్తంది మామ్మా. మేష్టార్ని పిలుస్తాను."

అసిరమ్మ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని నోరు మూసేసింది. "ఒద్దే. ఎనకనించి పిలిస్తే బాబుకి కీడు. పెద్ద పెద్ద అంగలేస్తాడు, దాటేస్తాడు" అంది. ప్రేమతోనే మూసింది. అదే మరీ బాధ.

నూకాలు విదిలించుకుంది. పరుగెత్తింది. పిలవలేదు సుమా. ఊరి కట్టుబాటు ప్రకారం చుట్టు తిరిగి ఎదరకు వెళ్ళి చెబుదామని, పెదాలు బిగించి పరుగెత్తింది. తుప్పల్లో పరుగెత్తింది, బురదలో పరుగెత్తింది, పడి లేచి మళ్ళీ పరుగెత్తింది. కానీ పుళ్ళ కాళ్ళతో ఆ పిల్ల ఎంత పరుగు తీయగలదు? ఒడ్డుకి చేరేసరికి ముఖలింగం ఏటి నడిమధ్యకు వెళ్ళిపోయాడు. ఇంకెక్కడి ఎదర?

అప్పుడు పిలిచింది. "మేష్టారూ" అంది. వినపడలేదు. "మేష్టారూ" అంది. అతను ఆగాడు. "మేష్టారూ, ఎల్లొద్దూ" అంది.

అతను వెనక్కి తిరిగాడు. ఎర్ర నీరు అప్పటికే నడుము దాకా వచ్చింది. భయపడలేదా అంటే, పడే ఉంటాడు. కానీ నూకాలు తాను ముసలిదయ్యేదాకా ఒకే మాట చెప్పింది. "మేష్టారు నావైపు సూసి నవ్వేడు. ఇటే రాబోయేడు." రెండు అడుగులు వేశాడు. ఇంతలో నీరు అతన్ని తీసుకుపోయింది.

మర్నాడు ఏరు అతన్ని ఉప్పు మడుల దగ్గర వదిలింది. పాలెం వాళ్ళు కబురు పంపారు. మేనమామ ఇంటికి పంపితే, "వాడెప్పుడో వెళ్ళిపోయాడు" అన్నారు. వారాల ఇళ్ళకి పంపితే, "పాపం" అన్నారు. కాలేజీకి పంపితే, పరీక్షలు జరుగుతున్నాయన్నారు. ఎవరూ రాలేదు. ఉప్పు గీకే చేతులే అతన్ని మోశాయి.

తర్వాత ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. "నూకాలు ఎనకనించి పిలిసింది. అందుకే పోయేడు" అన్నారు. నూకాలు అన్నం మానేసింది. మాట మానేసింది. చేటలో ఉప్పు ముట్టడం మానేసింది.

అది చూసి అసిరమ్మ కర్ర పట్టుకుని ఊరి మధ్యకు వచ్చింది. ముసలి గొంతు వణికింది గానీ మాట వణకలేదు.

"నా మనవరాల్ని అనకండి. ఆ బాబు పిలిసినందుకు పోలేదు. పిలవనందుకు పోయేడు. ఈ పిల్ల పిలవబోతే నోరు మూసినదాన్ని నేను. ప్రతి ఆదివారం గట్టు దిగి ఆగేవోడు, నాకు అడుగుల సప్పుడు ఆగడం ఇనబడేది. ఒక్కనాడూ పిలవలేదు. కీడంతా అందులోనే ఉంది."

ఆ సాయంత్రం అసిరమ్మ కొడుకు వల భుజాన వేసుకుని గట్టు దిగాడు. ముసలమ్మ గట్టు మీద నిలబడి, "ఒరే ఎర్రయ్యా" అని కేకేసింది. ఊరు ఊరంతా గుండె చేత్తో పట్టుకుంది. ఎర్రయ్య తిరిగి చూశాడు. వెళ్ళాడు. చేపలతో తిరిగొచ్చాడు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో అదే ఆచారం. ఎవరు బయలుదేరినా, గట్టు దిగాక వెనక నుంచి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. వెళ్ళేవాళ్ళు ఆగి, తిరిగి చూసి, "ఆఁ, వస్తాను" అంటారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు మొదట హడలిపోతారు. తర్వాత వాళ్ళే అందరికంటే గట్టిగా పిలుస్తారు.

దారిన పోయే వాళ్ళని కూడా పిలవకుండా పంపరు. పేరు తెలియకపోతే ఏం చేస్తారని మీరు అడగవచ్చు. పేరు తెలియని వాళ్ళందరికీ అక్కడ ఒకటే పేరు.

అందుకని, ఎప్పుడైనా మీరు ఒంటరిగా అటు వెళ్ళి, ఆ గట్టు దిగుతుంటే, వెనక నుంచి ఎవరో "ముఖలింగం బాబూ" అని పిలుస్తారు. నా పేరు అది కాదని వెళ్ళిపోకండి. కాస్త ఆగండి. తిరిగి చూసి, వస్తానని చెప్పి, అప్పుడు వెళ్ళండి.