శాలువాకో భుజం

ఎముకలు కొరికే చలి ఉండే ఒకానొక కొండరాజ్యంలో కొమురవ్వ అనే ముసలామె గొంగళ్ళు నేసి బతికేది. ఏటా చలికాలం రాగానే కోవెలలోని వేణుగోపాలస్వామికి తను నేసిన గొంగడి కప్పించేది. స్వామికి చలేస్తుందని ఆమె నమ్మకం.

ఆ ఏడు కీర్తిధర మహారాజు కొలువుకు తర్కానంద భట్టు అనే పండితుడు వచ్చాడు. పరతత్త్వానికి పేరు లేదు, రూపు లేదు, కనబడేదంతా భ్రమ అని వారం రోజులు వాదించి అందరి నోళ్ళూ మూయించాడు. మన మహారాజుకు పాండిత్యమంటే పిచ్చి. గట్టిగా చెప్పేవాడు దొరికితే చెవులు అప్పగించేస్తాడు.

"రాతికి గొంగడేమిటి? రేపు భట్టుగారి సన్మానం కాగానే కోవెలకు తాళం వేయండి" అన్నాడు. సన్మానానికి శాలువా తెమ్మని కొమురవ్వకే కబురు వెళ్ళింది.

కొమురవ్వ రాత్రంతా మగ్గం ముందే కూర్చుని ఆలోచించింది. తాళం పడితే ఆ చలిలో స్వామి ఒక్కడే ఉండాలి.

మర్నాడు కొలువు నిండింది. గుమ్మం దగ్గర భటుడు తాళంకప్ప పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"నేసిన చేతులతోనే కప్పు" అన్నాడు రాజు.

కొమురవ్వ భట్టుగారి పక్కనున్న ఖాళీ చోట శాలువా విప్పి వదిలేసింది. అది నేల మీద పడింది. ఆమె దానికో దండం పెట్టి వెనక్కి జరిగింది.

భట్టుగారి ముఖం కందగడ్డయింది. రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

"ఏమిటీ పొగరు?"

కొమురవ్వ తల దించలేదు. "సన్మానం అయిపోయింది దొరా. పేరూ రూపూ భ్రమే అన్నారు గదా అయ్యవారు. భ్రమకు కప్పితే వారిని చిన్నబుచ్చినట్టవుతుందని, రూపు లేనిదానికే కప్పాను."

భట్టు ఆగలేకపోయాడు. "మూర్ఖురాలా, గాలికి శాలువా ఎవరైనా కప్పుతారా? కప్పడానికి భుజం ఉండాలి కదా."

"నా బాధా అదేనయ్యా. పిల్లలు లేనిదాన్ని. గుండె నిండా ఉన్న ప్రేమను గాలికెట్టా కప్పేది? నాలాంటి వాళ్ళ కోసమే ఆ స్వామి భుజాలతో వచ్చి నిలబడ్డాడు. ఒక్క శాలువాకే మీకు భుజం కావలసి వచ్చిందే, ఇన్నేళ్ళ నా ప్రేమకు వద్దా?"

భట్టు తన భుజం తడుముకున్నాడు. రాజు ఆయన వంక, నేల మీది శాలువా వంక చూశాడు. చెయ్యి కత్తి మీది నుంచి జారింది.

"భట్టుగారూ, దేవుడి భుజాలు తీసేసి మీవి మాత్రం దాచుకున్నారే" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. శాలువా దులిపి తనే ఆయనకు కప్పాడు. భట్టుగారు కాదనలేదు. రాజు తాళంకప్పను పక్కన పడేయించి, కొమురవ్వకు నలభై గొర్రెల మందను ఇప్పించి, ఇంకేం కావాలని అడిగాడు.

"ఈ పూట గొంగడి మీ చేత్తో కప్పండి దొరా."

ఆ సాయంత్రం రాజు మొహమాటపడుతూనే స్వామికి గొంగడి కప్పాడు. రెండడుగులు వెనక్కి వేసి ఆగాడు. మళ్ళీ వెళ్ళి, వంగి, అంచు కిందికి లాగాడు.

"పాదాల దగ్గర గాలి దూరుతోంది" అన్నాడు అర్చకుడితో.