జామాయిల్ దొరగారి శుభ్రమైన నేల

అనగనగా అంటున్నాను గానీ పిల్లలూ, ఇలాంటి అడవులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఒక అడవిలో, గడ్డి దుబ్బుల మధ్య ఒక కౌజుపిట్ట పిల్లల్ని సాకుతోంది. ఆ గడ్డే దానికి ఇల్లు, ఆ గడ్డి గింజలే తిండి.

ఒకరోజు జామాయిల్ చెట్టు జంతువులన్నిటినీ పిలిచింది.

"పల్లేరు ముళ్లతో మీ కాళ్లు పుండ్లయిపోతున్నాయి. చూడలేకపోతున్నాను. సరేనంటే నా ఆకులు ఈ నేలంతా రాలుస్తాను. ఇక కలుపన్నది మొలవదు."

"కలుపంటే ఏది దొరా?" అని అడిగింది కౌజు.

"నేను కానిదంతా."

నక్క పకపకా నవ్వింది. "దొరవారు చమత్కారులు!"

"ఎండుటాకులే కదక్కా, ఏం చేస్తాయి?" అంది కుందేలు కౌజుతో. అందరూ తోకలెత్తి సరేనన్నారు. కౌజు ఒక్కటే తోక దించుకుని కూర్చుంది.

వానలు పడ్డాయి. ఆకులు నాని, చేదు ఊట నేలలోకి దిగింది. ఆ ఊట తగిలిన గింజ నిద్ర లేవలేదు. ముందు పల్లేరు పోయింది. జంతువులు దొరగారికి జేజేలు కొట్టాయి. తరవాత గరిక పోయింది. కుందేలు కడుపు వీపుకు అంటుకుంది.

"ఆకలి సంగతి అలా ఉంచు, నేల ఎంత శుభ్రంగా ఉందో చూడు," అంది నక్క. నక్క గడ్డి తినదు మరి.

ఆఖరికి కౌజు దాక్కునే దుబ్బు కూడా పోయింది. డేగ వచ్చింది. నేల శుభ్రంగా ఉండబట్టి దానికి వెతుక్కునే పనే లేకపోయింది. ఒక పిల్లను తన్నుకుపోయింది.

కౌజు ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలిన పిల్లల్ని తోలుకుని వాగు దాటి ముళ్ల పొదల్లోకి పోయింది. వెనకే కుందేలు కుంటుకుంటూ వచ్చింది.

"ఇక్కడ పల్లేరుంది తమ్ముడూ."

"ఉండనీ అక్కా. పక్కన గరిక కూడా ఉంది."

కాలం గడిచింది. జామాయిల్ ముసలిదైంది. తన వంశం నిలవాలని కాళ్ల దగ్గరే విత్తనాలు రాల్చుకుంది. వానలు వచ్చాయి, పోయాయి. ఒక్కటీ మొలవలేదు.

"నా పిల్లలకు ఏమైంది?" అని అరిచింది దొర.

వాగు అవతలి నుంచి కౌజు చెప్పింది: "ఆ ఊటకు ఏది కలుపో, ఏది కొడుకో తెలియదు దొరా."

నీతి: ఎదుటివాడిని మొలవనివ్వని నేలలో మన విత్తనమూ మొలవదు. చూస్తూ జేజేలు కొట్టినవాడికి పస్తులే మిగులుతాయి.