ఏటితల్లి చేదుదుంప నోము

అక్షతలు చేతబట్టి కుదురుగా కూర్చుండుడు. కథ నడుమ లేచిపోవువారికి ప్రసాదము లేదు.

పూర్వము కుశాంగుడను ముని శాంతపాదుడను మునిని చేరి, అడవిలో చేదుదుంప తవ్వుకొని బ్రతుకు జనులు ఆ విషము బారిన పడకుండ ఏ నోము నోచిరని అడిగెను. శాంతపాదుడు నిట్టూర్చి, చెప్పినను వినువారు తక్కువ, అయినను చెప్పెదనని ఇట్లు చెప్పెను.

కొండవాలున తమ్మన్న అను గృహస్థు కలడు. అతని భార్య కన్నమ్మ. ఆమె తమ్ముడు జోగులు వారింటనే తిని వారింటనే పడుకొనుచుండెను. జొన్నలు అడుగంటిన వానకాలమున ఆ యింటివారు చేదుదుంపలను పలుచగా తరిగి, బూడిద పట్టించి, బుట్టకెత్తి ఏటి పారుదలలో కట్టుదురు. చేదంతయు కొట్టుకొనిపోయిన పిమ్మట ఉడికించి వార్తురు. బుట్ట తీసినవాడు ముందుగా తిని ఒక జాము ఆగవలెను. వానికేమియు కాకున్న తక్కినవారు తినవలెను. ఇది తాతలనాటి ఆచారము.

ఆ యేడు బుట్టను జోగులుకు ఒప్పగించిరి. ఏరు దూరమని అతడు దానిని గుడిసె వెనుక వాననీటి గుంటలో ముంచి పడుకొనెను. నిలిచిన నీరు చేదును ఎక్కడికి మోసుకుపోవును? ఆకలికి ఆగలేక అందరును ఒక్కసారే తిని, వాంతులతో మంచమెక్కిరి. కావలి లేని చేనిని అడవిపందులు దున్నిపోయెను.

"గుంటలోవి నీళ్లు కావా బావా?" అని జోగులు అడిగెను.

"నీకున్నదీ తలకాయేనంటారు మరి" అని తమ్మన్న గోడవైపు తిరిగెను.

మరల బుట్ట కట్టిరి. ఈసారి తమ్మన్న దగ్గరుండి ఏటిలోనే కట్టించి, చెప్పినదే చెప్పి విసిగి చేనికి పోయెను. అక్క ఆకలితో ఉన్నదని జోగులు చేదు దిగకముందే బుట్ట తీసి వండెను. రుచి చూడగా నాలుక ముడుచుకొనిపోయెను. అంతట తేనె కలిపి, తాను తినక అక్కకు పెట్టెను. తేనె నాలుకను మోసగించెను గాని కడుపును మోసగింపలేదు. కన్నమ్మ నురగలు కక్కి తెలివి తప్పెను.

చేనినుండి వచ్చి చూచిన తమ్మన్న నీటికై ఏటి ఒడ్డుకు పరుగెత్తెను. అచ్చట బుట్ట అల్లుచున్న ముసలమ్మ తలయెత్తెను. ఆమె ఏటితల్లి.

"పారేదాన్ని నేనుండగా గుంటలో నానేస్తారు. ఆగమంటే ఆగరు, తేనె పూస్తారు. మీతో నేను పడలేనయ్యా."

"నేనూ పడలేకపోతున్నానమ్మా. నా పెళ్లాన్ని మాత్రం నాకియ్యి."

తల్లి కరుణించి దోసిట నీరిచ్చెను. చెడగొట్టినవాడే బుట్ట కట్టి, తేనె కలుపక ముందుగా తిని చూపవలెననియు, అంతవరకు కన్నమ్మ మంచము దిగదనియు చెప్పెను. ఆ నీటితో కన్నమ్మ కన్ను తెరచెను గాని లేవలేకపోయెను.

జోగులు వానలో తడియుచు ఏటి ఒడ్డు కదలక కూర్చుండెను. చేదు పూర్తిగా దిగిన పిమ్మట బుట్ట తీసి, వండి, అందరి యెదుట తినెను. జాము సేపు అందరును అతని మొహమునే చూచుచు కూర్చుండిరి.

"ఏరా, గొంతు గీరుతోందా?" అని తమ్మన్న అడిగెను.

"నీ చూపే గీరుతోంది బావా."

"వాడి మొహం చూసింది చాల్లే, నాకూ ఇంత పెట్టండి" అనుచు కన్నమ్మ మంచము దిగెను. మరుసటి యేట వారి గాదె నిండెను.

కావున ఆకు, దుంప, గింజ ఏది వండువారైనను, కొత్త కోడండ్రును, ఆకలికి ఆగలేని మగవారును, ముఖ్యముగా బావమరదులును ఈ నోము నోచవలెను. నోచినవారి కడుపు చల్లగా ఉండును, చేను నిలుచును, పొయ్యి ఆరదు. విని కూడ తొందరపడువానిని ఏటితల్లియు కాపాడజాలదు.

అక్షతలు తలపై వేసికొనుడు. బుట్ట తీసినవాడు ముందుకు వచ్చి తినవలెను. తక్కినవారు ఆగుడు.