రాజసభలో పీత ఫిర్యాదు

సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పేరుకు తగ్గ యుద్ధం ఒక్కటీ చేయలేదు గాని, విందులు మాత్రం పూట తప్పకుండా చేసేవాడు.

పట్టాభిషేకంనాటి ఇనుప కవచాన్నే ఏటా పడవల పండుగకు తొడుక్కోవడం ఆ వంశాచారం. ఆ ఏడు తొడగబోతే అది పొట్ట దగ్గరే ఆగిపోయింది. భటులు ఎంత లాగినా రాజుగారి ముఖం కందగడ్డ అయిందే తప్ప కవచం కదల్లేదు.

"ఇనుము కుంచించుకుపోయింది! నాసిరకం ఇనుముతో కమ్మరి కాళాచారి మోసం చేశాడు. రేపే వాడికి దేశబహిష్కారం!" అని గర్జించాడు రాజు.

అయ్యో పాపం! తమరు లావయ్యారని ఆ కమ్మరి ఏ నోటితో చెబుతాడు? ఆస్థానంలో హాస్యం చెప్పే నూకన్న ఇంటికి ఏడుస్తూ వచ్చి, అతని కాళ్ల మీద పడ్డాడు. నూకన్న మనసు కలుక్కుమంది.

అప్పుడే అతని భార్య పులుసుకని తెచ్చిన పీతల్ని ఏరుతోంది. "ఇదేంటండీ, దూదిలా ఉంది! ఇప్పుడే డొప్ప విడిచింది కాబోలు" అంది.

"దాన్ని కుండలో పెట్టు. ఆ ఖాళీ డొప్ప కూడా ఇలా ఇవ్వు" అన్నాడు నూకన్న హుషారుగా.

మర్నాడు కాళాచారిని వెంటబెట్టుకెళ్లి, కుండనూ డొప్పనూ సభలో పెట్టాడు. "మహారాజా, ముందు ఈ పీత ఫిర్యాదు వినాలి. మొన్నటిదాకా హాయిగా ఉన్న డొప్ప ఇప్పుడు పట్టడం లేదట. అది కుంచించుకుపోయిందనీ, చేసిన బ్రహ్మదేవుణ్ణి వెళ్లగొట్టాలనీ దీని మొర."

"ఓరి వెర్రివాడా! డొప్ప ఎక్కడైనా కుంచించుకుపోతుందా? పీత ఎదిగింది. అందుకే పాతది విడిచింది. ఈమాత్రం తెలియదా?"

"చిత్తం ప్రభూ! ఎంత చక్కని తీర్పు! మరి కాళాచారికీ ఇదే వర్తిస్తుందా?"

రాజు చూపు తన పొట్ట మీదికి జారింది.

"అంటే మేము లావయ్యామంటావు!"

"అపచారం! ఎదిగారంటున్నాను. ఎదగని పీతకే పాత డొప్ప సరిపోతుంది."

రాజు మీసం దువ్వుకున్నాడు. "మరి మా వంశాచారం?"

"పీత తన పాత డొప్పలోని సారం కొంత ఒంట్లోకి లాక్కున్నాకే దాన్ని విడుస్తుంది ప్రభూ. మనమూ పాత ఇనుము కరిగించి కొత్తదాంట్లో కలిపేద్దాం. అప్పుడు తమరు తొడుక్కునేది పట్టాభిషేకంనాటి ఇనుమే కదా!"

"బాగుంది. కాళాచారీ, కొలత తీసుకో" అన్నాడు రాజు.

ప్రాణం లేచొచ్చిన కాళాచారి కొలతాడు తీశాడు. నూకన్న అడ్డుపడ్డాడు. "ఆగవయ్యా! పీత డొప్ప విడవగానే నీళ్లు తాగి ఒళ్లు ఉబ్బించుకుంటుంది. ఆ ఉబ్బు మీదే కొత్త డొప్ప గట్టిపడి, ముందుముందు ఎదగడానికి లోపల చోటు మిగులుతుంది. నువ్వూ ప్రభువుల విందు అయ్యాకే కొలత తీసుకో!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి నూకన్న మెడలో వేసి, కాళాచారిని కూడా తన పంక్తిలోనే విందుకు కూర్చోబెట్టుకున్నాడు. చేయి కడుక్కోగానే కొలత తీయించుకున్నాడు.