సుభద్రమ్మ వేలిముద్ర

ఎవరేం అడిగినా, అడిగిన చోటే జవాబు చెప్పడం అచలస్వామికి అలవాటు లేదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆయన చిన్న ఆశ్రమానికి ఎందరో ప్రశ్నలు మోసుకొచ్చేవారు. ఆయన వినేవారు, తలూపేవారు, లేచి తన పని చూసుకునేవారు. జవాబు తర్వాతెప్పుడో మరోచోట దొరికేది.

హైమవతి వ్యవసాయ శాఖలో అధికారి. చదువుకునే రోజుల నుంచీ స్వామికి శిష్యురాలు. ఆ కార్తీకంలో తుఫాను వచ్చి వెళ్ళాక, ఒక సాయంత్రం ఆశ్రమానికి వచ్చి ఆయన ముందు కూలబడింది.

"ఈ ఉద్యోగం మానేస్తాను స్వామీ," అంది. "ఇవ్వడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉంది. పుచ్చుకోవలసినవాడు మునిగిన చేలో నిలబడి ఉన్నాడు. మధ్యలో ఉండి నేనేమీ చెయ్యలేకపోతున్నాను."

ఎదుటి లంకలో చాలా పొలాలు ఒకరివైతే, సాగు చేసేది మరొకరు. కౌలుకు చేసే రైతుకి రాయితీ విత్తనాలు దొరకాలన్నా, పంట పోయినప్పుడు సాయం అందాలన్నా కౌలు కార్డు ఉండాలి. లేకపోతే ఆ సాయం యజమాని పేరునే వస్తుంది. ఆ కార్డుకి పొలం యజమాని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. చేస్తే పొలం కౌలుదారు పాలవుతుందని యజమానుల భయం. ఏడాది తిరక్కుండానే కార్డు గడువు తీరిపోతుందనీ, యాజమాన్యం ఎక్కడికీ పోదనీ హైమవతి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చట్టం చదివి వినిపించింది. అందరూ మర్యాదగా విన్నారు, మజ్జిగ ఇచ్చారు. ఒక్కరూ సంతకం చెయ్యలేదు.

"భయాన్ని ఎలా పోగొట్టాలి స్వామీ?" అని అడిగింది.

"రేపు ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నారాయన.

"ఆ లంకకే. పంట నష్టం నమోదు రేపటితో ముగుస్తుంది. రేపటిదే ఆఖరి సభ."

"అయితే నేనూ వస్తాను."

పొద్దున్నే ఇద్దరూ పంటు పడవ మీద రేవు దాటారు. దారికి రెండు పక్కలా వరి చాపలా పడిపోయి ఉంది. నీట నానిన కంకులు చేలోనే మొలకెత్తాయి. ఆ పచ్చదనాన్ని చూడలేక హైమవతి తల తిప్పుకుంది. స్వామి మాత్రం చూస్తూనే నడిచారు.

సభ బడి వరండాలో. యజమానులు కుర్చీల్లో కూర్చున్నారు. కౌలు రైతులు బయట ప్రహరీ గోడ పక్కన, ఇంకా బురద ఆరని కాళ్ళతో నిలబడ్డారు. స్వామి వెనకగా ఒక బల్ల మీద కూర్చున్నారు. హైమవతి చెప్పిందే మళ్ళీ చెప్పింది, గొంతు జీరపోయేదాకా. "ఎవరైనా ముందుకొస్తారా?" అంది చివరికి. ఒకాయన కండువా దులుపుకున్నాడు. మరొకాయన ఫోను చూసుకున్నాడు.

అప్పుడు కుర్చీల చివర నుంచి ఒక ముసలామె లేచింది. పేరు సుభద్రమ్మ. భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నది ఎకరంన్నర పల్లపు చేను. దాని మీద వచ్చే కౌలు గింజలే ఆమెకు ఏడాది తిండి. ఆ చేను చేసేది ఏసుపాదం.

"ఎక్కడ వెయ్యాలమ్మా ముద్ర?" అంది.

పక్కనే ఉన్న ఆమె మరిది గంగరాజు చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో వదినా! నీకేమన్నా మతిపోయిందా? మీ నాన్న చేను ఎలా పోయిందో మరిచిపోయావా? ఇలాంటి ముద్రేగా!"

హైమవతి కంగారుగా ముందుకొచ్చింది. "అలాంటిదేం లేదమ్మా. మీ పొలం ఎక్కడికీ పోదు. నా మాట నమ్మండి."

సుభద్రమ్మ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "నమ్మలేనమ్మా. ఏమీ అనుకోకు. నువ్వు మంచిదానివే. కానీ కాగితం అంటే నాకు చచ్చే భయం. మా నాన్న ఆ ముద్ర వేసి ఇంటికొచ్చి, గోడకేసి తల కొట్టుకుని ఏడిచాడు. నేను చూశాను." కాగితం వైపు చూసింది. "ఈ చేనూ అలాగే పోతుందనే నాకనిపిస్తోంది."

"మరెందుకు వదినా?" అన్నాడు గంగరాజు.

"తుఫాను రోజున మన చేలో ఎవరున్నారు? నువ్వున్నావా? నేనున్నానా? రొమ్ముల్లోతు నీళ్ళలో దిగి నీళ్ళు పోయేలా గట్టు తెగ్గొట్టి, ఉన్న నాలుగు దుబ్బులైనా మిగులుతాయేమోనని అక్కడే నిలబడ్డాడు వాడు. ఆ చేను తాలూకు సాయం నా పేరున వస్తే, దాంతో వండుకున్న అన్నం నాకు గొంతు దిగుతుందా? పోతే పోనీ. వాడి పేరు రాయండి."

గోడ పక్క నుంచి ఏసుపాదం పరుగున వచ్చాడు. వరండా మెట్టు దగ్గర ఆగిపోయి చేతులు జోడించాడు. "వద్దమ్మగారూ! మీకంత భయమైతే నాకీ కార్డే వద్దండి. నేనేదో కూలికెళ్ళి బతుకుతాను."

"నువ్వు మాట్లాడకు," అంది సుభద్రమ్మ.

ఆమె బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది. సిరా అంటించిన వేలు కాగితం దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది, నూతిలోకి దూకేవాళ్ళు మూసుకున్నట్టు. ముద్ర వేసింది.

ఫోను చూసుకుంటున్న ఆయన దాన్ని జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు. గోడ పక్కన ఒరిగి ఉన్నవాళ్ళు నిటారుగా నిలబడ్డారు. హైమవతి వెనక్కి తిరిగి చూసింది. అచలస్వామి లేచి నిలబడి ఉన్నారు. పీఠాధిపతులు వచ్చినా కూర్చున్న చోటు నుంచే పలకరించే మనిషి. ఆ ముసలామె తిరిగి తన కుర్చీలో కూర్చునేదాకా ఆయన అలా చేతులు జోడించుకునే ఉన్నారు.

గంగరాజు వెళ్ళిపోయాడు. ఇంకొందరూ ఆయన వెనకే నడిచారు. మిగిలినవాళ్ళలో కండువా ఆయన గొంతు సవరించుకుని, "మా చేను చేసేవాడు కూడా ఆ రోజు నీళ్ళలోనే ఉన్నాడు," అని ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు. అని, లేచి వచ్చాడు. తర్వాత మరొకరు. మధ్యాహ్నం దాటేసరికి హైమవతికి తలెత్తే తీరిక లేకపోయింది. అందరూ రాలేదు. కానీ ఆ లంకలో కౌలు రైతు పేరు ప్రభుత్వపు లెక్కలోకి ఎక్కడం అదే మొదలు.

గురుశిష్యులిద్దరూ తిరుగు పంటు ఎక్కారు. నది నడుమకు వచ్చాక హైమవతి ఉండబట్టలేక అడిగింది.

"స్వామీ, ఇన్నాళ్ళూ చట్టం చూపించి నిజం చెప్పాను. ఎవరూ కదల్లేదు. ఆవిడ అనుకున్నది పొరపాటు. పొలం నిజంగానే పోదు. అయినా ఆవిడ మాటకే ఇంతమంది లేచారు. ఎందుకని?"

స్వామి ప్రవాహం వైపు చూస్తూ అన్నారు:

"నువ్వు పోదన్నావమ్మా. ఆవిడ పోయినా సరే అంది."